బోర్లించి చూసే హొరేస్

హొరేస్ సగ్డెన్ చేతికి ఏ వస్తువిచ్చినా ముందు దాన్ని బోర్లించి అడుగు చూడాలి. పైన ఏముందన్నది తర్వాతి సంగతి. కప్పు, సాసరు, పూలకూజా, కుర్చీ, ఆఖరికి చర్చిలో చందాలు పట్టే పళ్ళెం కూడా. ఆ పళ్ళెం కథ మా ఊరు స్కార్‌బెక్‌లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఈస్టర్ ఆదివారం, నిండు సభ. పళ్ళెం చేతులు మారుతూ మారుతూ హొరేస్ దాకా వచ్చింది. వచ్చిందే తడవు బోర్లించాడు. నాణేలన్నీ బెంచీల కింద దొర్లుకుంటూ పోయాయి. పాట పాడేవాళ్ళతో సహా ఊరంతా మోకాళ్ళ మీద పడి వెతికింది. "నా ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఇంతమంది ఒక్కసారి మోకరిల్లడం ఎప్పుడూ చూడలేదు" అని పాస్టరు గారే ఒప్పుకున్నారు.

మేనకోడలికి కాన్పయితే చూడ్డానికి వెళ్ళాడు. పసిగుడ్డుని జాగ్రత్తగా చేతుల్లో పెట్టింది. హొరేస్ మురిసిపోయాడు, ముద్దు పెట్టుకున్నాడు, ఆ తర్వాత అలవాటు చొప్పున తిప్పి అడుగు చూశాడు.

"మామయ్యా, అక్కడ కంపెనీ పేరుండదు" అంది మేనకోడలు.

ఊరి జనం నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. ఈ మనిషితో రోజూ వేగాల్సింది మాత్రం మ్యూరియల్. మార్కెట్ వీధిలోని చారిటీ షాపుని ఆవిడే నడుపుతుంది. ఇక మందులు పనిచెయ్యవని తేలిన రోగుల్ని ఆఖరి రోజుల్లో చూసుకునే ఇల్లొకటి కొండ మీద ఉంది, హాస్పిస్ అంటారు. జనం ఊరికే తెచ్చిచ్చిన పాత సామాను అమ్మి ఆ ఇంటికి డబ్బు పంపడం షాపు పని. మ్యూరియల్ భర్త తన ఆఖరి పంతొమ్మిది రోజులూ అక్కడే గడిపాడు. అందుకని షాపులో ఒక్క పౌండు నష్టమొచ్చినా ఆవిడకి అది ఎవరి తలకింద దిండో లాగేసినట్టు ఉండేది.

పొద్దున్న తొమ్మిదింటికి తలుపు తీసేసరికి హొరేస్ గడపలో నిలబడి ఉండేవాడు. పొడుగు కోటు, దానికి గోనెసంచుల్లాంటి జేబులు, ఒక జేబులో చుట్టడానికి పాత పేపర్లు.

"ఏమ్మా మ్యూరియల్, కొత్తవేమైనా వచ్చాయా?"

"వచ్చాయి. లోపల ఎడ్నా కడుగుతోంది."

"అయ్యయ్యో, కడగకండమ్మా! కడగకముందు ఒక్కసారి నన్ను చూడనివ్వండి!"

"ఎందుకండీ, మురికంటే మీకంత ప్రేమా?"

"కడిగితే వాటి విలువ మనకి తెలిసిపోతుందని ఆయన భయం!" అని వెనకగదిలోంచి ఎడ్నా అరిచేది. ఎడ్నా జీతం లేకుండా పనిచేసే మనిషి, ఆ మాటకొస్తే జీతమిచ్చినా అంత పని ఎవరూ చెయ్యరు. సలసలకాగే నీళ్ళలో సోడా వేసి ప్రతి సామానూ నానబెట్టేది. అంటుకున్న కాగితాలు, పాత ప్లాస్టర్లు, ఎండిన జిగురు వెన్న రాసుకునే కత్తితో గీకి పారేసేది. ఎడ్నా చేతిలో పడ్డ పళ్ళెం కొలిమిలోంచి అప్పుడే దిగినట్టు తళతళలాడాల్సిందే.

హొరేస్ ఇక వరసలు మొదలెట్టేవాడు. తియ్యడం, బోర్లించడం, చూడడం, పెట్టడం. పనికిరాని దానికి "హుఁ" అనేవాడు. అడుగున పేరున్న కంపెనీ ముద్ర కనిపిస్తే "అహఁ" అనేవాడు. ఆ "అహఁ" వినబడిందంటే మ్యూరియల్ చేస్తున్న పని ఆపి అటు తిరిగేది, ఏదో పోతోందన్నమాట. కానీ ఆ రెండూ కాక ఇంకోటి ఉండేది. ఎప్పుడో నెలకోసారి ఏదో ఒకటి బోర్లించి, చప్పుడు చెయ్యకుండా, పెదాలు మాత్రం కదుపుతూ నిలబడిపోయేవాడు. తీరా చూస్తే అది మూతి విరిగిన పులుసుగిన్నో, మూత మాత్రం మిగిలిన చక్కెర డబ్బానో అయ్యేది. అడిగిన డబ్బు మాట్లాడకుండా ఇచ్చి, పేపర్లో చుట్టుకుని పోయేవాడు. ఈ మూడో రకం మ్యూరియల్‌కి ఏనాడూ అంతుబట్టలేదు.

"అహఁ" సంగతి మాత్రం బాగా అర్థమైంది. శనివారం సంతలో హొరేస్‌కి ఒక బల్ల ఉండేది. శుక్రవారం మ్యూరియల్ పౌండుకి అమ్మిన ఆకుపచ్చ జగ్గు శనివారం ఆ బల్ల మీద కూర్చుని ఉంది. మెడలో నలభై అయిదు అని చీటీ.

"సగ్డెన్ గారూ, ఇది నిన్న మా షాపులో పౌండు."

"అవునమ్మా. మీరే అమ్మారు."

"మరి ఇవాళ నలభై అయిదా?"

"ఇవాళ అమ్మేది నేను కదా."

"సిగ్గు లేదూ! చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ సొమ్మది!"

"నేను బేరమాడానా తల్లీ? మీరు పౌండన్నారు, పౌండిచ్చాను. నలభై ఏళ్ళు అడుగులు చూసి నేర్చుకున్న చదువు ఇది. డాక్టరు చదువుకి ఫీజుంటుంది గానీ నా చదువుకి ఉండకూడదా?"

"డాక్టరు రోగి జేబులో చెయ్యి పెట్టడు."

"మీరు వెళ్ళే డాక్టరెవరో నాక్కూడా చెప్పండి" అన్నాడు హొరేస్.

ఈ ముచ్చట మీద ఊళ్ళో చాలా చర్చ జరిగింది. ధర తెలిసి తెలియనట్టు కొనడం దొంగతనమేనని కొందరు, తెలియకపోవడం అమ్మేవాళ్ళ తప్పని కొందరు. అయితే మా ఊళ్ళో చారిటీ షాపులో మూడు పౌండ్లకి కొన్న మంచి ఉన్నికోటు తొడుక్కోనివాడంటూ ఎవడూ లేడు. అందుకని తీర్పు చెప్పే దగ్గరికొచ్చేసరికి అందరూ గొంతు సవరించుకునేవాళ్ళు.

అలా ఉండగా అక్టోబరులో లోర్నా పికర్స్‌గిల్ టీచరు పోయింది. పైన హై క్రాగ్ పల్లెలో ఒంటరిగా ఉండే మనిషి. ఎక్కడో సౌతాంప్టన్ నుంచి మేనల్లుడు వచ్చాడు, శని ఆదివారాల్లో ఇల్లంతా ఖాళీ చేశాడు, పన్నెండు పెట్టెలు షాపు ముందు దింపి రైలెక్కేశాడు. సరిగ్గా ఆవేళే షాపులో వేణ్ణీళ్ళ బాయిలరు మొరాయించింది. ఎడ్నా అలిగి, విప్పిన పెట్టెల్లో సామానంతా పొడిగుడ్డతో తుడిచి, ధర చీటీలు అంటించి వదిలేసింది.

హొరేస్ వచ్చాడు. బూడిదపచ్చ రంగు గిన్నె ఒకటి తీశాడు. లోపల ఒంటరి చేప బొమ్మ, అడుగున రెండు పౌండ్ల చీటీ. బోర్లించి, చీటీ అంచు గోటితో కొంచెం ఎత్తి "అహఁ" అన్నాడు. మ్యూరియల్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇంతలో ఆయన నోరు మూతపడింది. పెదాలు కదలడం మొదలెట్టాయి. ఒకే గిన్నెకి అహఁ, మౌనం రెండూ! ఇలా ఇంతకుముందెప్పుడూ జరగలేదు. హొరేస్ రెండు పౌండ్లు బల్ల మీద పెట్టి, గొడుగు మర్చిపోయి, వానలో వెళ్ళిపోయాడు.

ఆదివారం సాయంత్రం ఎడ్నా ఫోను చేసింది.

"మ్యూరియల్, టీవీ పెట్టు! పెట్టు ముందు!"

టీవీలో పాత సామాన్లకి ధరలు కట్టే కార్యక్రమం వస్తోంది. సూటు వేసుకున్న పెద్దమనిషి చేతిలో అచ్చం అలాంటిదే బూడిదపచ్చ గిన్నె, లోపల ఒంటరి చేప. అడుగున పిచ్చుక కాలు లాంటి గీత ఆ కుమ్మరి సంతకమట. పదిహేను వందల పౌండ్లు పలుకుతుందట.

"ఆ పిచ్చుక కాలు మీదే నేను చీటీ అంటించాను" అంది ఎడ్నా ఏడుస్తూ. "ఏదో గీత పడింది, కప్పేద్దామని!"

మ్యూరియల్‌కి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. పదిహేను వందలంటే కొండ మీద ఎందరి మంచాల పక్కన ఎన్ని రాత్రులు నర్సు కూర్చుంటుంది! తన భర్త చెయ్యి పట్టుకుని కూర్చున్న నర్సే కళ్ళముందు మెదిలింది. పొద్దున్న తొమ్మిదింటికి తలుపు తీస్తూనే హొరేస్‌ని నిలదీసింది.

"గిన్నె ఏది?"

"ఏ గిన్నె తల్లీ?"

"చేప గిన్నె. అమ్మేశారా?"

"అమ్మలేదు."

"మరి దాచారా?"

"నాది కానిది నేనెలా దాచుకుంటానమ్మా?"

"రెండు పౌండ్లు పెట్టి కొన్నారు! మీది కాకపోతే ఎవరిది?"

హొరేస్ బూట్ల వంక చూసుకున్నాడు. "అది వాళ్ళ సొంత విషయం. నేను బయటపెట్టకూడదు."

"నాటకాలు చాలు సగ్డెన్ గారూ! ఆ గిన్నె ఈ బల్ల మీదికి వచ్చేదాకా ఈ గడప తొక్కకండి."

హొరేస్ ఆవిడ భుజం మీదుగా లోపల మిగిలిన పెట్టెల వంక ఒకసారి చూశాడు. "సరే. ఆ పెట్టెలు మాత్రం కడగకండి" అని వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు ఇంటికి వెళ్ళలేదు. ఎదురుగా మాంసం కొట్టు చూరు కింద నిలబడ్డాడు. సోమవారం, మంగళవారం, బుధవారం, వాన పడుతున్నా సరే. ఊళ్ళోవాళ్ళు ఆగి పలకరిస్తే టోపీ తీసి దణ్ణం పెట్టేవాడు, ఆ టోపీని ఒకసారి తిప్పి అడుగు చూసి మళ్ళీ పెట్టుకునేవాడు.

పీడ విరగడైందని మ్యూరియల్ సంతోషించాలి మరి. సంతోషం మాట అటుంచి మనసులో ఒకటే దురద. నాది కాదు అన్నాడే, ఎవరిది? అబద్ధమాడేవాడైతే అమ్మేశానని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు కదా? మూతి విరిగిన పులుసుగిన్నెలు ఒక్కటీ సంతలో కనబడవేం? గురువారం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు, కోడి ఆకారంలో ఉన్న గుడ్లగిన్నె ఒకటి తీసి మెల్లిగా బోర్లించింది. అడుగు నున్నగా, ఖాళీగా ఉంది.

"హుఁ" అంది మ్యూరియల్. అని, తన నోట్లోంచి వచ్చిందేమిటో తెలిసి అదిరిపడింది.

శుక్రవారం ఇక ఉండబట్టలేక గొడుగు వేసుకుని రోడ్డు దాటింది.

"పదండి. అది ఎవరిదో చూపించండి. ఎవరికీ చెప్పనని మాటిస్తున్నాను. కానీ మీరు చెప్పింది అబద్ధమని తేలిందా, నేరుగా పోలీసుల దగ్గరికే."

"బస్సు పదింపావుకి" అన్నాడు హొరేస్, అదే మాట కోసం నాలుగు రోజులుగా అక్కడ నిలబడ్డట్టు.

బస్సు హై క్రాగ్‌లో ఆగింది. లోర్నా టీచరు ఖాళీ ఇంటి పక్కిల్లే ఐవీ క్రాబ్‌ట్రీది. ఎనభై రెండేళ్ళు, పిచ్చుకంత మనిషి, గొంతు మాత్రం గంట కొట్టినట్టుంటుంది.

"ఓ హొరేస్, మళ్ళీ వచ్చావా! ఈవిడ కూడా చూస్తుందా? రామ్మా, రా, అందరికీ చూపిస్తున్నాను!"

గుట్టని హొరేస్ నాలుగు రోజులు వానలో తడిసి కాపాడిన సంగతి, ఐవీ పాలవాడితో సహా పల్లెంతటికీ చూపించేసింది. చేప గిన్నె చలిమంట వేసుకునే గూటి పైనున్న రాతిపలక మీద, ఫోటోల మధ్యలో, దీపం పెట్టినంత గౌరవంగా ఉంది. అయితే బోర్లించి ఉంది.

"చేప బొమ్మ కిందికి పోయిందే" అంది మ్యూరియల్.

"చేపదేముందమ్మా, బజార్లో బోలెడు చేపలు. అడుగు చదువు!"

రెండు పౌండ్ల చీటీ పక్కన, వేలు తెగితే చుట్టుకునే ప్లాస్టరు ముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద పెన్నుతో, టీచర్ల గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: 'ఐవీ క్రాబ్‌ట్రీకి. కంచె విషయంలో నీదే న్యాయం. లోర్నా.'

"పదకొండేళ్ళు!" అంది ఐవీ. "నా వైపు కంచె చెట్లు రెండడుగులు లోపలికి నరికించింది. నా జాగాలోకొచ్చావే అన్నాను. కాదంది. అప్పట్నుంచి మాటల్లేవు. గోడకి అటు అది, ఇటు నేను, పదకొండేళ్ళు!"

"ఎదురుగా ఒక్క మాట అనేస్తే పోయేది కదండీ."

"లోర్నానా! తప్పయిందని చెప్పడమా! ఆ ముక్క ఒప్పుకోడానికి అది చచ్చిపోవాల్సొచ్చిందమ్మా!" ఐవీ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగులాగా ఏప్రన్ ఎత్తి కళ్ళు ఒత్తుకుంది. "వెధవది. ముందే చెప్పుంటే పదకొండేళ్ళూ కలిసి టీ తాగేవాళ్ళం."

మ్యూరియల్ ఆ ప్లాస్టరు ముక్కని ఇంకోసారి చదివింది. మా వైపు ముసలమ్మల అలవాటు ఆవిడకి తెలియనిదా! లాయరుకి డబ్బు దండగని, ఏ వస్తువు ఎవరికో ప్లాస్టరు మీద పేరు రాసి అడుగున అంటించేస్తారు. ఆ సంగతి పిల్లలతో అనబోతే 'ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు' అని నోరు మూయిస్తారు. తీరా ఆ ముసలమ్మలు పోయాక, అడుగు చూడాలని తోచని వారసులు మొత్తం పెట్టెల్లో కుక్కి షాపులో పడేస్తారు. మ్యూరియల్ వాళ్ళమ్మ గడియారం వెనక కూడా ప్లాస్టరే ఉండేది. అంతా తెలుసు. తెలిసీ షాపులో అడుగు తిప్పింది ధర చీటీ అంటించడానికే.

అప్పుడు ఎడ్నా వెన్న కత్తి గుర్తొచ్చింది. సోడా నీళ్ళు గుర్తొచ్చాయి.

"హొరేస్... ఎన్ని పేర్లు గీకి పారేశాం మేము?"

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "లెక్కపెట్టకండి తల్లీ. నేనూ పెట్టను" అన్నాడు హొరేస్.

మ్యూరియల్ నిజాయితీ గల మనిషి, గిన్నె ధర ఐవీకి చెప్పకుండా ఉండలేకపోయింది.

"పదిహేను వందలా! ఈ గిన్నెకా!"

"అవునండీ. షాపు దాన్ని పొరపాటున అమ్మింది. అడిగే హక్కు నాకుందో లేదో నాకే తెలియట్లేదు."

ఐవీ ఆలోచించింది. "గిన్నె పట్టుకెళ్ళమ్మా. అడుగు మాత్రం నాకు వదిలెయ్."

అది కుదిరే పని కాదని ముగ్గురికీ తెలుసు. కాసేపయ్యాక ఐవీ "హొరేస్, నీ దగ్గర ఉంటుంది కదా, ఇలా ఇయ్యి" అని చెయ్యి చాచింది. హొరేస్ గోనెసంచి జేబులోంచి ప్లాస్టరు చుట్ట, కత్తెర, పెన్ను తీసిచ్చాడు. ఐవీ ఒక ముక్క కత్తిరించి, నాలుక బయటపెట్టి రాసి, లోర్నా చీటీ కింద నొక్కి అంటించింది: 'ఐవీ తర్వాత హాస్పిస్ షాపుకి. రెండు పౌండ్లకి అమ్మారో, దయ్యమై వస్తా.'

తిరుగు బస్సెక్కారు. కూర్చోగానే మ్యూరియల్ అడిగింది. "ఎందుకు మొదలెట్టారిది?"

"మా గెర్టీ పిన్ని నన్ను పెంచింది. ఆవిడ దగ్గర ఆవు బొమ్మ పాలకూజా ఉండేది. తోక పట్టుకుని వంచితే నోట్లోంచి పాలొచ్చేవి. 'అడుగున నీ పేరే రాశాన్రా' అనేది. ఆవిడ పోయినప్పుడు నేను ఓడ మీద పనిలో ఉన్నాను. వచ్చేసరికి ఇల్లు ఊడ్చేశారు." హొరేస్ కిటికీలోంచి చూశాడు. "ఇప్పటికి నూట అరవై మూడు ఆవుల్ని బోర్లించాను."

"దొరికిందా?"

"లేదమ్మా. అన్నీ వేరేవాళ్ళ ఆవులే. కానీ వెతుకుతుంటే మిగతావాళ్ళవి దొరికాయి. అడుగున పేరుంటే ఇవ్వకుండా ఎలా ఉంటాం?"

మ్యూరియల్‌కి ఏడుపొచ్చింది. అంతలోనే ఒక సంగతి గుర్తొచ్చి ఆగింది. "మరి ఆ ఆకుపచ్చ జగ్గు? దాని అడుగున ఏ పేరుంది?"

"అబ్బే, అది లాభం" అన్నాడు హొరేస్ నిమ్మకు నీరెత్తినట్టు. "బస్సు చార్జీలు ఎవరిస్తారు? రాత్రికి నాకు భోజనం ఎవరు పెడతారు?"

సోమవారం నుంచి షాపులో కొత్త పద్ధతి వచ్చింది. ఎడ్నా వెన్న కత్తి మేకుకి వేలాడింది. ఎనిమిదింటికే హొరేస్ వెనకగదిలో కూర్చుని పెట్టెలన్నీ కడగకముందే బోర్లిస్తాడు. పేరుంటే కోటు జేబులోకి, షాపు దానికి పైసా తీసుకోదు. ముద్ర ఉంటే నిజమైన ధర చెప్పాలి. మొదటి రోజు ఆ ధర చెప్పడానికి పన్ను పీకించుకుంటున్నంత బాధపడ్డాడు. "ఎనభై... ఎనభైకి తగ్గొద్దు" అని చెప్పి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. రెండు వారాలైనా అమ్ముడుపోనివి మాత్రం చీటీ ధరకి ఆయనే కొనుక్కోవచ్చు. "అహఁ" అనాల్సిన చోట అప్పుడప్పుడు "హుఁ" అని దగ్గేసి ఊరుకుంటాడేమోనని మ్యూరియల్‌కి అనుమానం. ఆ అనుమానం ఇప్పటికీ తీరలేదు. ఆయన బల్ల ఇప్పటికీ శనివారం సంతలో ఉంటుంది, మా ఊరు ఇప్పటికీ గొంతు సవరించుకుంటూనే ఉంది.

క్రిస్మస్‌కి వారం ముందు, వెనకగదిలో మ్యూరియల్ ఆయనకి టీ ఇచ్చింది. కొత్త కప్పు, తెల్లటిది. హొరేస్ ఏదో పళ్ళెం గురించి చెబుతూ చెబుతూ కప్పు అందుకున్నాడు.

"హొరేస్, టీ!" అని ఎడ్నా అరిచేలోపే బోర్లించేశాడు. టీ మొత్తం మోకాళ్ళ మీదుగా సాక్సుల్లోకి దిగిపోయింది.

ఆయన కేక వెయ్యలేదు. టీ గోరువెచ్చగా ఉండబట్టి సరిపోయింది, ఆ పూట గోరువెచ్చగానే పెట్టమని మ్యూరియల్ పొద్దున్నే ఎడ్నాకి చెప్పి ఉంచింది. హొరేస్ "హుఁ" అనలేదు, "అహఁ" అనలేదు. తడిసిన ప్యాంటుతో, చప్పుడు లేకుండా, పెదాలు కదుపుతూ నిలబడిపోయాడు. కప్పు అడుగున ప్లాస్టరు ముక్క ఉంది: 'హొరేస్ సగ్డెన్‌కి. మ్యూరియల్ బతికుండగానే.'

కప్పుని వెలుతురు వైపు తిప్పి "ఏ కంపెనీదమ్మా ఇది?" అన్నాడు.

"ఏ కంపెనీదీ కాదు. బజార్లో పౌండుకి మూడు."

"హుఁ" అన్నాడు హొరేస్. అని, ఆ కప్పుని ఒకటికి నాలుగు పేపర్లు చుట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. అది మాత్రం ఇంతవరకూ శనివారం సంతకి రాలేదు.